గాజు పోగుల కారు

1932లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డేల్ క్లైస్ట్ అనే యువ పరిశోధకుడు రెండు గాజు దిమ్మెలను అతికించే పనిలో తలమునకలై ఉన్నాడు. కట్టడాల్లో ఇటుకలకు బదులు వాడదగిన గాజు దిమ్మెలను ఓవెన్స్-ఇల్లినాయ్ కంపెనీ తయారు చేయాలనుకుంటోంది. వాటి అతుకుల్లోంచి గాలి చొరబడకుండా కరిగిన గాజుతోనే మూయాలని క్లైస్ట్ ప్రయత్నం. అతుకు కుదరలేదు. కానీ జోరుగా వస్తున్న గాలి పాయ ఒకటి అనుకోకుండా కరిగిన గాజు ధారను తాకింది. ఆ దెబ్బకు గాజు చెదిరి సన్నని పోగులై రాలింది. గాజును అంత సన్నగా, అంత సులువుగా పోగులు తీసే దారి కోసం ఎందరో ఏళ్ల తరబడి వెతుకుతున్నారు. అది ఇలా, మరో పని చెడిపోతున్న క్షణంలో, దానంతట అదే ఎదురుపడింది. క్లైస్ట్ వాటిని చెత్త కింద ఊడ్చి పారేయలేదు. అతని పై అధికారి గేమ్స్ స్లేటర్ ఆ పద్ధతిని పట్టుదలగా మెరుగుపరిచాడు. 1938లో ఆ పోగుల వ్యాపారం కోసమే ఓవెన్స్-కార్నింగ్ అనే కొత్త కంపెనీ పుట్టింది.

అమెరికా గర్వంగా దాచుకుంటున్న ఒక స్పోర్ట్స్ కారు కథ ఇక్కడ మొదలవుతుందంటే చాలామంది నమ్మరు. ఆ కారు పేరు షెవ్రొలే కార్వెట్. కప్పు మడిచి వెనక్కి తోసేస్తే ఆకాశమే కప్పుగా పరుగెత్తే రెండు సీట్ల కన్వర్టిబుల్. డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా కొన్ని మొదటి కార్లు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే అందుకు ఒక కారణం వాటి ఒళ్లు. ఆ ఒళ్లు ఉక్కు రేకు కాదు, గాజు పోగులు.

గాజు పోగు ఒక్కటే ఉంటే అది దూదిలా మెత్తనిది. మొదట్లో దాన్ని గాలి వడపోసేందుకు, ఇళ్లలోకి చలి రాకుండా గోడల్లో నింపేందుకు వాడారు. 1930ల చివరికి పాలియెస్టర్ రెసిన్ అనే చిక్కని జిగురు లాంటి ద్రవం రసాయన శాస్త్రవేత్తల చేతికి వచ్చింది. గాజు పోగుల చాపను అచ్చు మీద పరిచి, దాన్ని ఈ రెసిన్‌తో తడిపి ఆరనిస్తే తేలికైన, గట్టి పెంకు వస్తుంది. మన పల్లెల్లో మట్టి గోడలు పగుళ్లివ్వకుండా బంకమట్టిలో గడ్డి పరకలు కలిపి తొక్కుతారు కదా, ఇందులో సూత్రమూ అదే. రెసిన్ ఆకారం నిలబెడుతుంది, పోగు బలమిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పెంకుకు పెద్ద పని దొరికింది. రేడియో తరంగాలను అది అడ్డుకోదు. అందుకని విమానాల్లో రాడార్‌ను కప్పే బుడిపెలు దీంతో చేశారు. ఆ తర్వాత పడవలు చేశారు. అమ్మకానికి కార్లు చేయడం మాత్రం ఎవరి వల్లా కాలేదు.

ప్రయత్నించకపోలేదు. 1946లో విలియం స్టౌట్ అనే విమాన ఇంజనీరు ఫైబర్‌గ్లాస్ ఒంటితో ఒక కారు చేసి చూపించాడు. అది ఆ ఒక్క కారుతోనే ఆగిపోయింది. కారణం లెక్కల్లో ఉంది. ఉక్కు రేకును కారు ఆకారంలో నొక్కాలంటే బ్రహ్మాండమైన అచ్చులు కావాలి. వాటికి ఏడాదికి పైగా సమయం, లక్షల డాలర్లు పడతాయి. అయితే ఒకసారి అచ్చులు సిద్ధమైతే లక్షల కార్లు చకచకా వస్తాయి. ఫైబర్‌గ్లాస్ దీనికి సరిగ్గా తలకిందులు. అచ్చు చవక, కొద్ది వారాల పని. కానీ ఒక్కో ముక్కనూ చేతులతో పరిచి, తడిపి, ఆరబెట్టి, గీకాలి. ఏటా లక్షల్లో కార్లు అమ్మే కంపెనీకి అది గిట్టుబాటు కాదు. గిట్టుబాటు కావాలంటే కొద్ది సంఖ్యలో, తొందరగా, ఉక్కుకు కష్టమైన వంపులతో ఎవరికైనా ఒక కారు కావాలి. అలాంటి అవసరం ఇంకా పుట్టలేదు.

దానికి దారి చూపినవాడు కాలిఫోర్నియాలో పడవలు చేసుకునే బిల్ ట్రిట్. ఆయనకు పరిచయమున్న మేజర్ కెన్ బ్రూక్స్ దగ్గర యుద్ధకాలపు జీపు ఒకటి ఉంది. తన భార్య నడుపుకునేందుకు ఆ జీపుకు అందమైన ఒళ్లు తొడగాలని ఆయన కోరిక. పడవ చేసినట్టే కారు ఒళ్లూ చేయవచ్చని ట్రిట్ ధైర్యం చెప్పాడు. 1951లో ఆ కారు తయారైంది. అప్పటికి కొరియా యుద్ధం నడుస్తోంది. రెసిన్ దొరకడం కష్టమైపోయింది. ట్రిట్ బృందం తలుపులు తట్టి తిరుగుతుంటే, రెసిన్ తయారుచేసే నాగటక్ కెమికల్ అనే సంస్థ ఆసక్తి చూపించింది. ఫైబర్‌గ్లాస్ కార్లు వస్తే తమ రెసిన్‌కు ఎంత గిరాకీ ఉంటుందో వాళ్లకు వెంటనే తట్టింది. 1952 ఫిబ్రవరిలో లైఫ్ పత్రిక ఈ ప్లాస్టిక్ ఒళ్ల కార్ల మీద బొమ్మలతో వ్యాసం వేసింది. నాగటక్ వాళ్లు ట్రిట్ చేసిన ఒళ్లు తొడిగిన కారును వెంటబెట్టుకుని వెళ్లి డెట్రాయిట్‌లో జనరల్ మోటార్స్ స్టయిలింగ్ విభాగానికి చూపించారు. ఒక ఇల్లాలి కోసం జీపుకు వేసిన కొత్త వేషం అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దదైన కార్ల కంపెనీ గడప తొక్కింది.

ఆ విభాగానికి అధిపతి హార్లీ ఎర్ల్. హాలీవుడ్‌లో పుట్టి పెరిగినవాడు. తండ్రి బగ్గీలు కట్టే వర్క్‌షాపు నడిపేవాడు. కొడుకు అక్కడే సినిమా తారల కోసం ప్రత్యేకమైన కార్లు కట్టడం నేర్చాడు. జనరల్ మోటార్స్ 1927లో ఆయన్ను పిలిచి కార్ల రూపకల్పన కోసమే ఒక విభాగం అప్పజెప్పింది. కారు అంటే ఇంజను, చక్రాలు మాత్రమే కాదని, కంటికి నచ్చాల్సిన వస్తువని కంపెనీకి నమ్మకం కలిగించినవాడాయన. మెత్తని మట్టితో కారు నమూనాలు చేసే పద్ధతిని అక్కడ వేళ్లూనుకునేలా చేసిందీ ఆయనే.

1951 శరదృతువులో ఎర్ల్ న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్‌కిన్స్ గ్లెన్ పందేలకు వెళ్లాడు. అక్కడ ఆయన చూసిందంతా జాగ్వార్లు, ఫెరారీలు, ఎంజీలు. యుద్ధానికి ఇంగ్లండ్ వెళ్లిన అమెరికన్ సైనికులు చిన్న ఎంజీ కార్ల మీద మనసు పారేసుకుని, కొన్నిటిని ఓడల్లో ఇంటికి తెచ్చుకున్నారు. ఆ మోజు పెరుగుతూ వచ్చింది. అలాగని అది పెద్ద మార్కెటేమీ కాదు. 1952లో అమెరికాలో కొత్తగా రిజిస్టరైన సుమారు 41 లక్షల కార్లలో స్పోర్ట్స్ కార్లు పదకొండు వేల చిల్లర. లెక్కలు మాత్రమే చూసేవాడైతే అక్కడితో ఆ సంగతి మర్చిపోతాడు. ఎర్ల్ లెక్కలు చూడలేదు, పందెం చుట్టూ మూగిన కుర్రకారు కళ్లు చూశాడు. వాళ్లు కొనగలిగే అమెరికన్ స్పోర్ట్స్ కారు ఒక్కటీ లేదు. రెండు వేల డాలర్ల లోపు, అంటే మామూలు కుటుంబ కారు ధరకే, అలాంటిది ఇవ్వాలని ఆయన సంకల్పం.

పని గుట్టుగా మొదలైంది. బయటివాళ్లకు అనుమానం రాకుండా ‘ప్రాజెక్ట్ ఓపెల్’ అని పేరు పెట్టారు. ఓపెల్ అంటే అప్పట్లో జనరల్ మోటార్స్‌కున్న జర్మన్ కంపెనీ. పేరు వింటే ఎవరైనా ఆ కంపెనీ పనే అనుకుంటారు. కారు కొలతలు గీసే బాధ్యత బాబ్ మెక్లీన్ అనే కుర్ర ఇంజనీరుది. అతనికి స్పోర్ట్స్ కార్లంటే పిచ్చి. అప్పట్లో కారు గీయడమంటే ముందున్న ఇంజను గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావడం. మెక్లీన్ వెనక ఇరుసు దగ్గర పెన్సిలు పెట్టి ముందుకు గీసుకుంటూ వచ్చాడు. డ్రైవరును ఇరుసుకు దగ్గరగా, కిందికి కూర్చోబెట్టాడు. ఇంజనునూ వీలైనంత వెనక్కి, కిందికి జరిపాడు. దాంతో బరువు ముందూ వెనకా సర్దుకుంది. ఇరుసుల మధ్య దూరం 102 అంగుళాలు. సరిగ్గా జాగ్వార్ ఎక్స్‌కే 120కి ఉన్నంతే.

1952లో నిలువెత్తు నమూనాను కంపెనీ పెద్దలకు చూపించారు. జనరల్ మోటార్స్‌లో భాగమైన షెవ్రొలేకు అప్పుడే చీఫ్ ఇంజనీరుగా వచ్చిన ఎడ్ కోల్ దాన్ని చూసి పట్టలేని ఉత్సాహంతో గెంతాడని చెప్పుకుంటారు. షెవ్రొలే అంటే చవకగా దొరికే నమ్మకమైన కారు, చూస్తే ఆవులింతలు వచ్చే కారు అనే పేరుపడ్డ రోజులవి. ఆ మచ్చ చెరిపేందుకు ఇదే సాధనమని కోల్‌కు అర్థమైంది. చట్రం పని ఇంగ్లండ్ నుంచి వచ్చిన మారిస్ ఆలీకి అప్పగించారు. ఆయన ఒకప్పుడు రోల్స్ రాయిస్‌లో పనిచేసిన అనుభవశాలి. డబ్బు తక్కువ, సమయం అంతకన్నా తక్కువ. అందుకని ఉన్న భాగాలతోనే సరిపెట్టుకోవాలి. కుటుంబ కార్లలో వాడే ఆరు సిలిండర్ల ఇంజనుకే మూడు కార్బొరేటర్లు తగిలించి 150 హార్స్‌పవర్ దాకా లాగారు. అంత శక్తిని తట్టుకోగల చేతి గేర్లు షెవ్రొలే దగ్గర సిద్ధంగా లేవు. ఉన్నదల్లా రెండే గేర్ల ఆటోమేటిక్. దాన్నే పెట్టారు. ఆ రాజీ తర్వాత ఎంత తలనొప్పి తెచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

పేరు కోసం చాలా తర్జనభర్జనలు జరిగాయి. చివరికి ప్రచార విభాగంలోని మైరన్ స్కాట్ సూచించిన పేరు గెలిచింది. కార్వెట్ అంటే చిన్నదైనా చురుకైన యుద్ధనౌక.

1953 జనవరి 17న న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో జనరల్ మోటార్స్ మోటోరామా ప్రదర్శన మొదలైంది. తెల్లని కార్వెట్ చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. ఇది నమూనా మాత్రమేనా, అమ్ముతారా, అమ్మితే ఎప్పుడు? అందరి నోటా ఇవే ప్రశ్నలు. కంపెనీ నిర్ణయం తీసేసుకుంది. ఆ ఏడాదే అమ్మాలి. ఉక్కు అచ్చులు చేయించే వ్యవధి ఎక్కడిది? ప్రదర్శన కోసం తొందరగా అయిపోతుందని వాడిన ఫైబర్‌గ్లాస్ అలా అమ్మకపు కారుకూ తప్పనిసరి అయింది.

మొదట ఆ ఏడాదికి మాత్రం ఫైబర్‌గ్లాస్ వాడి, తర్వాత ఉక్కుకు మారాలన్నది ఆలోచన. ఆ ఆలోచన మారడం వెనక ఒక ప్రమాదం ఉందని చెప్తారు. పరీక్షల కోసం ఫైబర్‌గ్లాస్ ఒంటితో చేసిన ఒక కన్వర్టిబుల్ వేగంగా వెళ్తూ పల్టీలు కొట్టింది. డ్రైవరుకు ఏమీ కాలేదు. కారు ఒళ్లు కూడా కుప్పకూలలేదు. గాజును చూసి భయపడుతున్న ఇంజనీర్లకు దాంతో ధైర్యం వచ్చింది.

కానీ ఆ ఒళ్లు ఎవరు చేస్తారు? అంత పెద్ద ముక్కలను వందల సంఖ్యలో, ఒకదానికొకటి సరిపోయేలా చేసిన అనుభవం ఎవరికీ లేదు. ఒహాయోలోని ఆష్టబులా అనే చిన్న ఊళ్లో రాబర్ట్ మారిసన్ ఫైబర్‌గ్లాస్ ట్రేలు తయారుచేసేవాడు. కార్ల కంపెనీ ముందు నిలబడి తాను చేస్తానని మాట ఇచ్చాడు. ట్రేలు చేసుకునే మనిషి ఆ మాట ఇవ్వడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఊహించుకుంటే నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. ఆ పనికి ఆయన కొత్త కంపెనీ పెట్టాడు. కొన్ని ముక్కలను చేతులతో పరచడం నుంచి మొదలుపెట్టి, క్రమంగా లోహపు అచ్చుల మధ్య వేడితో నొక్కే పద్ధతికి చేరుకున్నాడు.

మిషిగన్‌లోని ఫ్లింట్‌లో, పాత డెలివరీ గ్యారేజీ వెనక భాగంలో, కారు కట్టే పని మొదలైంది. ఒక్కో కారుకు 46 ఫైబర్‌గ్లాస్ ముక్కలు. వాటిని జిగురుతో అతికించాలి. ఒక ముక్క మందంగా ఉంటే పక్కది పలచగా ఉండేది. అంచులు కలిసేవి కావు. గుంటలు పూడ్చి, ఉప్పు కాగితంతో గంటలకొద్దీ రుద్ది నునుపు చేసేవారు. రుద్దితే లేచే గాజు ధూళి ఒంటికి అంటుకుని దురద పెట్టేది. పని సులువయ్యేందుకు రంగులన్నీ మానేసి ఒక్కటే నిర్ణయించారు. బయట తెలుపు, లోపల ఎరుపు, పైన నల్లని గుడ్డ కప్పు. 1953 జూన్ 30న మొదటి కారు బయటికి వచ్చింది. మోటోరామా మొదలై ఆరు నెలలైనా కాలేదు.

గాజు ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. మామూలు కారులో బ్యాటరీ నుంచి ఒక్క తీగ చాలు, తిరుగు దారి ఉక్కు ఒళ్లే ఇస్తుంది. గాజులో కరెంటు పారదు. అందుకని ప్రతి దీపానికీ, ప్రతి మీటరుకూ విడిగా ఎర్త్ తీగ లాగాల్సి వచ్చింది. ఉక్కు ఒళ్లు ఇంజను నుంచి పుట్టే విద్యుత్ అలజడిని కొంత ఆపుతుంది. గాజు ఆపదు కాబట్టి రేడియోలో గరగర మోత వచ్చేది. ఇంజను మీద లోహపు తొడుగులు వేశారు. అయితే అదే గుణం ఒక అందమైన ఉపాయానికీ దారి చూపింది. రేడియో తరంగాలను గాజు అడ్డుకోదు కదా, యాంటెన్నా బయట పొడుచుకుని ఉండడం ఎందుకు? లోహపు జాలీని డిక్కీ మూతలో పరిచేశారు. యుద్ధకాలంలో రాడార్‌ను దాచిన విద్యే ఇప్పుడు సంగీతానికి పనికొచ్చింది.

ఆ ఏడాది మొత్తం కట్టింది 300 కార్లు. ధర 3,498 డాలర్లు. ఎర్ల్ కలగన్న కుర్రవాడి జేబుకు అందనంత దూరం. వాటిని ముందుగా ఊళ్లో పేరున్నవాళ్లకే ఇవ్వాలని కంపెనీ డీలర్లకు చెప్పింది. పేరున్నవాళ్లకు ఆ కారు అంతగా నచ్చలేదు. తలుపులకు బయట పిడులు లేవు, కిటికీ అద్దాలు లేవు. వాన వస్తే ప్లాస్టిక్ తెరలు తగిలించుకోవాలి, అయినా నీళ్లు కారేవి. స్పోర్ట్స్ కార్లు ఎరిగినవాళ్లు రెండు గేర్ల ఆటోమేటిక్ చూసి పెదవి విరిచారు. 1954 మోడల్ కార్ల పనిని సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీకి మార్చి పది వేల కార్లు చేయగల ఏర్పాట్లు చేశారు. 3,640 కట్టగానే ఆగాల్సి వచ్చింది. ఏడాది చివరికి వాటిలో మూడో వంతు దాకా కొనేవాళ్లు లేక నిలిచిపోయాయి. 1955లో 700 మాత్రమే చేశారు. కార్వెట్‌ను ఆపేయాలన్న మాట కంపెనీలో గట్టిగా వినిపించసాగింది.

ఇప్పుడు కథలోకి జోరా ఆర్కస్-డంటోవ్ వస్తాడు. తల్లిదండ్రులు రష్యన్ యూదులు. ఆయన 1909లో బ్రసెల్స్‌లో పుట్టాడు, లెనిన్‌గ్రాడ్‌లో పెరిగాడు, బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదివాడు. 1940లో ఫ్రాన్స్ నాజీల వశమైనప్పుడు స్పెయిన్, పోర్చుగల్ మీదుగా తప్పించుకుని అమెరికా చేరాడు. తమ్ముడితో కలిసి ఫోర్డ్ ఇంజన్ల శక్తి పెంచే భాగాలు తయారుచేశాడు. యూరప్‌లో పందేల్లో కార్లు నడిపాడు. 1953 జనవరిలో వాల్డార్ఫ్ ఆస్టోరియాకు వచ్చిన జనంలో ఈయనా ఒకడు. కార్వెట్ అందం ఆయన్ను కట్టిపడేసింది. దాని లోపలి యంత్రం మాత్రం నిరాశపరిచింది. ఇంటికి వెళ్లి ఊరుకోలేదు. షెవ్రొలేకు ఉత్తరం రాశాడు. ఆ ఏడాది మే 1న అక్కడ ఉద్యోగంలో చేరాడు.

పెద్ద కంపెనీలో కొత్తగా చేరిన చిన్న ఉద్యోగి చేయగలిగిందేమిటి? కాగితం మీద రాయడం. డిసెంబరులో ఒక సుదీర్ఘమైన లేఖ రాశాడు. దేశంలో కుర్రాళ్లు కార్లు విప్పి వాటి వేగం పెంచుకునే సరదాలో మునిగి ఉన్నారని, వాళ్లందరి ధ్యాసా ఫోర్డ్ మీదే ఉందని, వాళ్ల చేతికి పనికొచ్చే భాగాలు షెవ్రొలే ఇస్తే తప్ప ఈ తరం మనవైపు తిరగదని అందులో వివరించాడు. 1954 అక్టోబరులో మరో లేఖ రాశాడు. అప్పటికే ఫోర్డ్ తన థండర్‌బర్డ్‌ను జనానికి చూపించింది. అది కిటికీ అద్దాలు, ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉన్న హాయైన రెండు సీట్ల కారు. ఇలాంటి సమయంలో కార్వెట్‌ను ఆపేస్తే ఓటమి ఒప్పుకున్నట్టేనని, ప్రత్యర్థి దాన్ని వాడుకోకుండా వదలడని డంటోవ్ వాదించాడు. కారును బాగుచేసే బాధ్యత దాన్ని అర్థం చేసుకున్న కొద్దిమందికి ఇవ్వమని అడిగాడు.

1955లో థండర్‌బర్డ్ పదహారు వేలకు పైగా అమ్ముడైంది. విచిత్రంగా అదే కార్వెట్‌కు ప్రాణం పోసింది. ఫోర్డ్ గెలుస్తున్న చోట నుంచి పక్కకు తప్పుకోవడం జనరల్ మోటార్స్‌కు ఇష్టం లేదు. అంతకు ముందే ఎడ్ కోల్ బృందం పూర్తిగా కొత్తదైన వి8 ఇంజనును సిద్ధం చేసింది. తేలికైనది, చిన్నది, కార్వెట్ బానెట్ కింద చక్కగా ఇమిడేది. 1955 కార్లలో దాదాపు అన్నిటికీ 195 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజనునే పెట్టారు. పక్కన రాసిన షెవ్రొలే పేరులో ‘వి’ అక్షరాన్ని పెద్దదిగా, బంగారు రంగులో మెరిసేలా చేశారు. ఏడాది చివర్లో చేతి గేర్లూ వచ్చాయి. 1956లో కిటికీ అద్దాలు, బయట పిడులు, పక్కల్లో లోతుగా చెక్కినట్టుండే అందమైన వంపు వచ్చి చేరాయి. ఆ వంపును ఉక్కు రేకులో నొక్కాలంటే ఇబ్బంది, గాజులో సునాయాసం. చేతకాక వాడిన పదార్థం చేతనైన విద్యగా మారిన ఆ ఏడాదిని నేను కార్వెట్ నిజమైన పుట్టుకగా లెక్కిస్తాను.

డంటోవ్ ఇంజనులో కవాటాలు తెరుచుకునే తీరును మార్చే కొత్త క్యామ్ రూపొందించాడు. 1956 జనవరిలో ఫ్లోరిడాలోని డేటోనా సముద్రతీరపు ఇసుక మీద తానే కారు నడిపి గంటకు 150 మైళ్ల గీత దాటాడు. మార్చిలో సెబ్రింగ్ పన్నెండు గంటల పందెంలో జాన్ ఫిచ్, వాల్ట్ హాన్స్‌గెన్ నడిపిన కార్వెట్ తొమ్మిదో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది 283 ఘనపు అంగుళాల ఇంజను ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో 283 హార్స్‌పవర్ ఇచ్చింది. 1960కి అమ్మకాలు పది వేలు దాటాయి.

ఆ ఏడాది జూన్‌లో జరిగిన ఒక సంఘటన చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఫ్రాన్స్‌లోని లే మాన్‌లో ఇరవై నాలుగు గంటల పందేనికి బ్రిగ్స్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ మూడు తెల్లని కార్వెట్లతో వచ్చాడు. వాటిలో ఒకటి ఫిచ్, బాబ్ గ్రాస్‌మన్‌ల చేతిలో ఉంది. పందెం చివరి గంటల్లో దాని ఇంజను చల్లబరిచే నీళ్లు కారిపోయాయి. నిర్ణీత దూరం పూర్తి కాకుండా నీళ్లు నింపకూడదన్నది నియమం. ఆగిపోతే ఇరవై గంటల పైచిలుకు శ్రమ వృథా. సిబ్బంది ఐసు గడ్డలు తెచ్చి బానెట్ కింద, ఇంజను చుట్టూ కూరారు. నీళ్లు నింపకూడదన్న నియమం ఉంది కానీ, ఐసు పెట్టకూడదన్న నియమం లేదు. కారు నెమ్మదిగా ఒక చుట్టు తిరగడం, వచ్చి ఆగడం, మళ్లీ ఐసు నింపుకోవడం. అలా లాక్కుంటూ ఎనిమిదో స్థానంలో, తన తరగతిలో మొదటి స్థానంలో గమ్యం చేరింది. ఆరేళ్ల కిందట ఆపేద్దామనుకున్న కారు అది.

1963లో స్టింగ్‌రే అనే కొత్త కార్వెట్ వచ్చి రూపం మొత్తం మార్చేసింది. తొలి తరం కథ అక్కడికి ముగిసింది. చాలాకాలం అవి పాత కార్లే. పందేల్లో నలిగినవి కొన్ని, ఇంజను మార్చి, చక్రాలు మార్చి నడిపించినవి కొన్ని, కొట్టాల్లో పడి ఉన్నవి కొన్ని. వాటి విలువ తెలిసినవాళ్లు 1974లో కార్వెట్ పునరుద్ధరణ చేసేవాళ్ల సంఘం ఒకటి పెట్టుకున్నారు. కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజు ఎలా ఉందో అలా ఉంచడమే వాళ్ల లక్ష్యం. నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇక్కడే ఉంది. వాళ్ల పోటీల్లో కారు కొత్త అద్దంలా మెరిస్తే మార్కులు ఎక్కువ రావు, తగ్గుతాయి. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఎక్కడ పలచబడిందో, ముక్కల అతుకు ఎక్కడ లీలగా కనిపిస్తుందో, ఏ నట్టు మీద ఏ గుర్తు ఉండేదో వాళ్లకు కంఠతా వచ్చు. ఫ్లింట్‌లో ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది పూర్తిగా పోగొట్టలేకపోయిన ఆ ఎగుడుదిగుళ్లే ఇప్పుడు అసలుదనానికి సాక్ష్యం.

గాజు తుప్పు పట్టదు. యాభైల నాటి ఉక్కు కార్ల తలుపుల అడుగులు, నేల రేకులు ఉప్పు చల్లిన చలికాలపు రోడ్ల మీద తుప్పు పట్టిపోయాయి. కార్వెట్ ఒళ్లు మిగిలింది. అలాగని దానికి చావు లేదని కాదు. ఒళ్లు కింద ఉన్న చట్రం ఉక్కుదే, అది తుప్పు పడుతుంది. దెబ్బ తగిలిన చోట రంగు కింద నక్షత్రంలా సన్నని బీటలు పరుచుకుంటాయి. అందుకే తెలిసినవాళ్లు కొనేముందు కారు పైన మెరుపు చూడరు, కింద పడుకుని చట్రం చూస్తారు, బానెట్ లోపలి వైపు ముక్కల్ని కలిపే పట్టీలు మొదటివేనా అని వేళ్లతో తడిమి చూస్తారు. 1953లో కట్టిన మొదటి రెండు కార్లు పరీక్షల్లో అంతరించాయని నమ్ముతారు. ఇప్పుడు మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది మూడో నంబరు కారు.

లే మాన్‌లో ఐసుతో నడిచిన కారు చాలా ఏళ్లు ఎవరి కంటా పడలేదు. 2000లో దాన్ని గుర్తుపట్టి, పందెం నాటి రూపానికి తెచ్చారు. 2010లో, సరిగ్గా యాభై ఏళ్లకు, దాన్ని మళ్లీ లే మాన్‌కు తీసుకెళ్లారు. తొంభై రెండేళ్ల జాన్ ఫిచ్ కూడా వెళ్లాడు.

1994లో కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌లో నేషనల్ కార్వెట్ మ్యూజియం తెరిచారు. 1996లో మరణించిన డంటోవ్ అస్థికలను అక్కడే ఉంచారు. 2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున, ఆ మ్యూజియంలో ఒక గది నేల ఉన్నట్టుండి కుంగిపోయింది. కింద సున్నపురాయి కరిగి ఏర్పడిన గుహ ఉందని అప్పుడే తెలిసింది. ఎనిమిది కార్వెట్లు అందులో పడిపోయాయి. వాటిలో తొలి తరానికి చెందినది ఒక్కటే, 1962 నాటి నల్లని కన్వర్టిబుల్. క్రేన్లతో ఒక్కొక్కటే పైకి తీశారు. బాగుచేయదగినవి మూడే అని తేల్చారు, మిగతా అయిదింటిని దెబ్బలతోనే ఉంచేశారు. ఆ మూడింటిలో నల్ల కారు ఒకటి. మ్యూజియం సొంత వర్క్‌షాపులో, సందర్శకులు అద్దాల్లోంచి చూస్తుండగా, దాని గాజు ఒంటికి పడ్డ చీలికలు పూడ్చి, కొత్తగా రంగు వేశారు. 2018లో అది మళ్లీ తన చక్రాల మీద నిలబడి జనం ముందుకు వచ్చింది.